సైన్సూ కావాలి, సంగీతమూ కావాలి: విశ్వవిద్యాలయంలో రెండూ కుదురుతాయా?

తంత్రి

అందరికీ నమస్కారం. ఈ ఏడాదితో స్కూలు చదువు అయిపోతోంది. దరఖాస్తులు మొదలుపెట్టాలి. ఫిజిక్స్ చదవాలని ఉంది. వయొలిన్ కూడా చదవాలని ఉంది. ఖాళీ దొరికినప్పుడు వాయించుకోవడం కాదు నేను అంటున్నది. మంచి గురువు దగ్గర పాఠాలు, బృందంలో వాయించడం, స్వరరచన, సంగీత చరిత్ర, పరీక్షలు, అన్నీ కావాలి.

ఇంట్లో ఎవరూ వద్దనడం లేదు. కానీ ఎవరిని అడిగినా ముందు అడిగేది ఒకటే: "రెండిట్లో నీకు నిజంగా ఏది ఇష్టం?" దానికి నా దగ్గర జవాబు లేదు. రెండు తీగల మీద కమాను కలిపి లాగి శ్రుతి చూసుకుంటుంటే ఒక ఊగు వినిపిస్తుంది కదా, బిరడా తిప్పేకొద్దీ అది నెమ్మదించి ఒకచోట ఆగిపోతుంది. క్లాసులో విస్పందనాల (ఆ ఊగునే బీట్స్ అంటారు) పాఠం వచ్చిన రోజు సూత్రం బట్టీ పట్టే పని పడలేదు. ఆ పాఠం చెవికి ఎప్పుడో వచ్చేసింది. ఇందులో ఫిజిక్స్ ఎంత, వయొలిన్ ఎంత అని విడదీసి ఎలా చెప్పను?

అడగదలచుకున్నవి రెండే. డిగ్రీ స్థాయిలో రెండూ ఒకేసారి చదివినవాళ్ళు ఇక్కడ ఉన్నారా? ఒకటి ముందు, ఒకటి తర్వాత అనుకుంటే ఏది ముందు? "హాబీగా పెట్టుకో" అన్న సలహా మాత్రం ఇప్పటికే బోలెడంత పోగైంది, అది వద్దు :)

పాతగొంతు

వద్దన్నావు కాబట్టే చెబుతున్నానమ్మా. హాబీ అన్న మాట నచ్చకపోతే ఇంకో పేరు పెట్టుకో, పద్ధతి మాత్రం అదే మంచిది. శ్రీపాద పినాకపాణి గారిని (1913–2013) తీసుకో. వృత్తికి వైద్యులు, వైద్య కళాశాలలో ఆచార్యులు. నేదునూరి, వోలేటి అంతటివాళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నారు. సంగీత కళానిధి అయ్యారు. ఆయన చేతిలో ఉన్నది వైద్యం పట్టా. సంగీతానికి పట్టా అక్కర్లేదు, గురువు కావాలి, సాధన కావాలి. సైన్సు అలా కాదు. ప్రయోగశాల ఇంట్లో పెట్టుకోలేవు. కాబట్టి విశ్వవిద్యాలయాన్ని సైన్సుకి వాడుకో, సంగీతాన్ని గురువు దగ్గర ఉంచు. రెండూ పట్టాలే కావాలని పట్టుబడితే రెంటికీ చెడ్డ రేవడి అవుతావేమోనని నా భయం.

కమాను

పెద్దాయన మీద గౌరవంతోనే అంటున్నాను. పినాకపాణి గారి పేరు చెప్పి ఎంతమంది పిల్లల చేత వాయిద్యం పెట్టెలో పెట్టించారో లెక్కలేదు. అలాంటి మనిషి ఎప్పుడో ఒకరు. మిగతావాళ్ళ సంగతి ఎవరూ రాయరు, రాయడానికి ఏమీ మిగలదు కాబట్టి.

నేను ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించి బతుకుతున్నాను. నా వైపు నుంచి ఒక ఉదాహరణ: బొరొదిన్. పేరున్న రసాయన శాస్త్రవేత్త, ఆల్డిహైడ్ల మీద పనిచేశాడు. పేరున్న స్వరకర్త కూడా. 'ప్రిన్స్ ఇగోర్' ఒపెరా 1869లో మొదలుపెట్టాడు. 1887లో చనిపోయేనాటికి పద్దెనిమిదేళ్ళు గడిచినా అది పూర్తి కాలేదు. రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్ కూర్చుని పూర్తిచేశారు. రెండూ చేసినవాళ్ళ జాబితాలో ఆయన పేరు అందరూ చదువుతారు. ఈ వెనక సగం మాత్రం ఎవరూ చదవరు.

ఇంకో మాట. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా ఎడమచేతి వేళ్ళు, కుడి మణికట్టు, చెవి పట్టుకునే పనితనాన్ని ముప్పైలో మొదలుపెట్టి తెచ్చుకోవడం చాలా కష్టం. వృత్తిగా వాయించాలన్న ఆశ రవ్వంతైనా ఉంటే "సంగీతం తర్వాత చూద్దాం" అనుకోకు.

లెక్కలసారు

నేను ఫిజిక్స్ బోధిస్తాను. ఇద్దరూ సగం సగం నిజం చెబుతున్నారు. అసలు తేడా ఇంకోచోట ఉంది.

ఫిజిక్స్‌లో ప్రతి పాఠమూ దాని ముందు పాఠం మీద నిలబడుతుంది. క్వాంటం మెకానిక్స్ క్లాసులో కూర్చోవాలంటే అవకలన సమీకరణాలు, రేఖీయ బీజగణితం వచ్చి ఉండాలి, తరంగాలు చేతికి పట్టుబడి ఉండాలి. అందుకే సంగీతంలో డిగ్రీ చేసి ఫిజిక్స్ మాస్టర్స్‌కి వస్తానంటే చాలా విభాగాలు దరఖాస్తు తెరిచి కూడా చూడవు. రెండేళ్ళ కోర్సులు వెనక్కి వెళ్ళి చేసుకు రమ్మంటాయి. అటువైపు సంగతి వేరు. ఫిజిక్స్ డిగ్రీతో వెళ్ళి వయొలిన్ మాస్టర్స్‌కి ఆడిషన్ ఇవ్వచ్చు. అక్కడ బల్ల వెనక కూర్చున్నవాళ్ళు ముఖ్యంగా చూసేది ఆ పది నిమిషాల్లో నువ్వు ఏం వాయించావన్నదే.

కాగితం మీద చూస్తే "సైన్సు ముందు, సంగీతం తర్వాత" అన్న దారి తెరిచి ఉంటుంది, తిరగేస్తే మూసుకుపోతుంది. కానీ కమాను గారు అన్నది మర్చిపోవద్దు. ఆ ఆడిషన్‌లో నీ పక్కన నిలబడేవాళ్ళు ఆ నాలుగేళ్ళూ రోజూ గంటలకొద్దీ వాయించి వచ్చినవాళ్ళు. దారి తెరిచి ఉందనుకుని సాధన పక్కన పెడితే ఆ దారి ఉన్నా లేనట్టే.

అందుకే "ఏది ఎక్కువ ఇష్టం" అన్న ప్రశ్నతో నీకు పని లేదు. ఏది తర్వాత చేయలేవో చూసుకో.

తంత్రి

సార్, ఇది నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. థాంక్సండీ. పాతగొంతు గారూ, కోపం లేదండీ, మీరు చెప్పినదాంట్లో ప్రయోగశాల మాట నిజమే. కానీ బృందం కూడా ఇంట్లో దొరకదు కదా? నలుగురితో కూర్చుని వాయించడం ఒంటరి సాధనలో రాదు.

రెండుపడవల_మనిషి

ఈ పేరు మా నాన్న పెట్టిందే, రెండు పడవల మీద కాళ్ళు అని :) కెమిస్ట్రీ, పియానో రెండూ ఐదేళ్ళ డబుల్ డిగ్రీలో చేశాను. ఎక్కడన్నది చెప్పను, కొన్ని ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కాబట్టి.

ముందు పేర్ల గందరగోళం తీర్చాలి, అందరూ ఇక్కడే పొరబడతారు. డబుల్ డిగ్రీ అంటే రెండు పట్టాలు, రెండు ప్రవేశాలు. ఉదాహరణకి అమెరికాలోని ఒబర్లిన్‌లో కాలేజీ, కన్సర్వేటరీ (సంగీత కళాశాల) రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నా నిన్ను విడివిడిగా చేర్చుకోవాలి. ఐదేళ్ళు పడుతుంది. జాన్స్ హాప్కిన్స్, దాని సంగీత కళాశాల పీబాడీ జోడీ కూడా అంతే, ఎవరి నిర్ణయం వారిదే. టఫ్ట్స్‌కి న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీతో ఐదేళ్ళ ఒప్పందం ఉంది. హార్వర్డ్‌కీ అదే కన్సర్వేటరీతో ఉంది, కానీ అక్కడ సంగీతం వైపు వచ్చేది మాస్టర్స్. డబుల్ మేజర్ అంటే పట్టా ఒక్కటే, ప్రధాన విషయాలు రెండు. అందులో సంగీతం తరచు చరిత్ర, సిద్ధాంతం, స్వరరచన వైపు మొగ్గుతుంది, వాయిద్యం పాఠాల బరువు తక్కువ. మైనర్ అంటే గుప్పెడు కోర్సులు. బ్రోషర్‌లో అన్నీ ఒకే పేజీలో నవ్వుతూ కనిపిస్తాయి. నీకు కావలసింది గురువు దగ్గర వారం వారం పాఠం కాబట్టి, అది ఏ పట్టాతో వస్తుందో, ఏ స్థాయి గురువుతో వస్తుందో అడుగు. కొన్నిచోట్ల మైనర్ విద్యార్థులకి పాఠం చెప్పేది పైతరగతి విద్యార్థులు.

టైమ్‌టేబుల్ సంగతి. కెమిస్ట్రీ ల్యాబ్ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు. ఆర్కెస్ట్రా నాలుగింటికి. ఇద్దరూ కదలరు. ల్యాబ్ కోర్సు ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే నడుస్తుంది, ఈసారి తప్పితే ఆ వెనక కోర్సులన్నీ ఏడాది జరిగిపోతాయి. సలహాదారులు ఇద్దరున్నారు, ఒకరికొకరు ముఖం తెలియదు. ఒక సెమిస్టర్ చివర కచేరీ పరీక్షా, ఆర్గానిక్ పరీక్షా ఒకే పూట పడితే ఇద్దరూ "అటువైపు వాళ్ళని అడుగు" అన్నారు. నిద్ర లేకపోవడం గురించి రాస్తే అమ్మానాన్నలు చదువుతున్నారేమో, వదిలేస్తాను.

ఇదంతా ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది వేసవి. పీహెచ్‌డీకి వెళ్ళాలనుకునే సైన్సు విద్యార్థి వేసవుల్లో ప్రయోగశాలలో పరిశోధన చేస్తాడు. సిఫారసు ఉత్తరాలు అక్కడి నుంచే పుడతాయి. సంగీత విద్యార్థి వేసవుల్లో ఉత్సవాలకి, శిబిరాలకి వెళతాడు. తర్వాత పిలిచి పని ఇచ్చేవాళ్ళు అక్కడే పరిచయమవుతారు. సెమిస్టర్‌లో తెల్లారగట్ట లేచి ఎలాగోలా రెండూ సర్దచ్చు. వేసవిని సర్దలేం, అది ఒక్కటే ఉంటుంది. నేను మొదట్లో ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టాను. మూడో ఏడాది వచ్చేసరికి వేసవి ఎటు వెళితే మనిషిని అటే అయిపోయాను. ఇప్పుడు పాలిమర్ల మీద పనిచేస్తున్నాను, పియానో రోజూ వాయిస్తాను, కచేరీ వృత్తి లేదు. బాధేం లేదు, ఐదేళ్ళు గొప్పగా గడిచాయి. కానీ తేల్చింది పట్టాలు కాదు, వేసవులు.

ఓ_అమ్మ

మా అబ్బాయి చెలో వాయిస్తాడు, బయాలజీ అంటున్నాడు. అందుకే చదువుతున్నాను. ఐదేళ్ళంటే ఒక ఏడాది ఫీజు ఎక్కువ. దాని గురించి ఎవరూ మాట్లాడరేం బాబూ?

రెండుపడవల_మనిషి

అడగాల్సిన ప్రశ్నే ఆంటీ. ఫీజు ఒక్కటే కాదు, స్కాలర్‌షిప్ ఎవరిచ్చారో చూడండి. సంగీత విభాగం ఇచ్చింది సంగీతం వదిలేస్తే సాధారణంగా పోతుంది. కొన్ని నాలుగేళ్ళకే ఇస్తారు, ఐదో ఏడు మీ నెత్తినే పడుతుంది. ఉత్తరంలో షరతులు చదివి, అర్థం కాకపోతే మెయిల్ రాసి జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ప్రతిధ్వని

ఇంతవరకూ ఎవరూ మూడో దారి ఎత్తలేదు. ధ్వనే చదువుగా ఉన్న కోర్సులు ఉన్నాయి.

జర్మనీలోని డెట్మోల్డ్‌లో 1949 నుంచి టోన్‌మైస్టర్ (సంగీతమూ తెలిసిన రికార్డింగ్ నిపుణుడు) శిక్షణ నడుస్తోంది. ఇంగ్లండ్‌లో సర్రే విశ్వవిద్యాలయం 1970లో అదే పేరుతో డిగ్రీ పెట్టింది. వాయిద్యం వచ్చి ఉండాలి, గణితమూ రావాలి. ఎలక్ట్రానిక్స్, ధ్వనిశాస్త్రం, రికార్డింగ్ అన్నీ కలిపి నేర్పుతారు. మాస్టర్స్ స్థాయిలో ఎడిన్‌బరోలో ధ్వనిశాస్త్రం, సంగీత సాంకేతికత ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో సీసీఆర్ఎంఏ అనే కంప్యూటర్ సంగీత పరిశోధన కేంద్రం 1975 నుంచీ ఉంది. పారిస్‌లో ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థ 1977లో తలుపులు తెరిచింది.

స్టాన్‌ఫర్డ్ కేంద్రం పెట్టిన జాన్ చౌనింగ్ ఇంజనీర్ కాదు, స్వరకర్త. 1967లో కంప్యూటర్‌తో స్వరానికి కంపనం జోడిస్తూ ఆ కంపనం వేగాన్ని పెంచుకుంటూ పోయాడు. ఒక హద్దు దాటాక చెవికి ఊగు వినబడటం మానేసి నాదం రంగే మారిపోయింది. ఎఫ్ఎం సింథసిస్ అలా దొరికింది. యమహా దాన్ని తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డు చేసింది. ఆ దశాబ్దపు పాటల్లో గంటల్లా మోగే ఎలక్ట్రిక్ పియానో చాలావరకు దానిదే. లెక్క తర్వాత వచ్చింది, ముందు పట్టుకున్నది చెవి.

అయితే ఒక హెచ్చరిక. ఈ కోర్సులు ఫిజిక్సూ కావు, వయొలినూ కావు. నేను రికార్డింగ్ వైపు వచ్చాను, వాయించడం దాదాపు ఆగిపోయింది. రోజంతా ఇంకొకరు వాయించింది వింటాను. నాకది ఇష్టమే. క్వార్కుల గురించి ఆలోచించాలనో, వేదిక మీద నిలబడాలనో ఉన్నవాళ్ళకి మాత్రం "రెండూ కలిపిన కోర్సు" అని దీన్ని అంటగట్టడం మోసమే.

తంత్రి

చౌనింగ్ సంగతి చదివి ఒళ్ళు జలదరించింది. కానీ మీ హెచ్చరిక నాకు సరిగ్గా సరిపోతుంది ప్రతిధ్వని గారూ. నాకు ధ్వని మీద మాత్రమే ఆసక్తి అయితే ఇంత గొడవే లేదు. రిలెటివిటీ కూడా కావాలి. దానికి వయొలిన్‌తో సంబంధం లేదు, ఉండక్కర్లేదు కూడా.

గమకం

చెల్లీ, ఆ ఆఖరి మాట బాగుంది. రెండు ఇష్టాలుంటే వాటిని కలిపి ఒకటి చేయమని ఎందుకు ఒత్తిడి చేస్తారో నాకూ అర్థం కాదు.

నేను జీవశాస్త్రం మేజర్, సంగీతం మైనర్, గాత్రం. చాలా విశ్వవిద్యాలయాల్లో గాయక బృందానికీ ఆర్కెస్ట్రాకీ ఆడిషన్ అందరికీ ఉంటుంది, సంగీత విద్యార్థులకే కాదు. నేను అలాగే దూరాను. బృందంలో నా వరుసలో ఒక వైద్య విద్యార్థిని, ఒక గణితం అమ్మాయి, నేను. సంగీత విభాగం పిల్లలు ముందు వరుసలో. తేడా ఏం తెలియలేదు, సోలో పంచేటప్పుడు తప్ప :)

గాయకులకి ఇంకో సౌకర్యం ఉంది, మా వాయిద్యమే మా జీవశాస్త్రం. పెద్ద ఆర్కెస్ట్రా మీదుగా ఒక్క ఒపెరా గొంతు మైకు లేకుండా ఎలా వినబడుతుందని స్టాక్‌హోమ్‌లో యొహాన్ సుండ్‌బెరి అనే పరిశోధకుడు చూపించాడు. ఆర్కెస్ట్రా శక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది. శిక్షణ పొందిన గొంతు, ముఖ్యంగా మగగొంతు, 3000 హెర్ట్జ్ దగ్గర ఒక గుట్ట పోగేస్తుంది. అక్కడ ఆర్కెస్ట్రా బలహీనం. అరిచి నెగ్గడం కాదు, ఖాళీ ఉన్న చోటుకి వెళ్ళడం. మా గాత్రం టీచర్ ఇదే విషయాన్ని "ముఖంలో పాడు" అని చెప్పేది, నాకు ఏడాది దాకా ఎక్కలేదు. గ్రాఫ్ చూశాక ఎక్కింది.

మైనర్‌లో లోటు కూడా చెబుతాను. సాధన గదుల తాళాలు సంగీత మేజర్లకే ఇచ్చేవాళ్ళు. నాకు గొంతు కాబట్టి మెట్ల కింద పాడుకున్నా సరిపోయింది. వయొలిన్‌కి హాస్టల్ గోడలు ఒప్పుకోవు. ఇది తప్పకుండా అడుగు.

లెక్కలసారు

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. సి.వి. రామన్. వెలుగు మీద పనికి ముందు ఆయన ఏళ్ళతరబడి వాయిద్యాల మీద పనిచేశాడు. మామూలు డప్పు చర్మం కొడితే వచ్చే పౌనఃపున్యాలు 1, 1.59, 2.14 ఇలా ఉంటాయి, దేనికీ దేనికీ పొంతన ఉండదు, అందుకే దానికి శ్రుతి నిలవదు. మృదంగం కుడివైపు, తబలా మీద మధ్యలో నల్లటి ముద్ద పొరలు పొరలుగా వేస్తారు. ఆ బరువు వల్ల అవి 1, 2, 3, 4, 5 వరసకి దగ్గరగా వచ్చి కూర్చుంటాయి. దీన్ని రామన్ 1920లో నేచర్‌లో ప్రకటించాడు. తయారుచేసేవాళ్ళు మాత్రం తరాల కిందటే చెవితో సాధించారు.

తంబురా ఇంకా చిత్రం. తీగ మోగితే మూల స్వరంతో పాటు పై స్వరాంశాలు (హార్మోనిక్స్) కూడా పలుకుతాయి. తీగని ఒక స్వరాంశపు నిశ్చల బిందువు (ఆ స్వరాంశంలో తీగ కదలని చోటు) దగ్గర మీటితే ఆ స్వరాంశం వినబడకూడదని పాఠం. తంబురాలో వినబడుతుంది.

కమాను

తీగ కింద పెట్టే దారం వల్లేనా?

లెక్కలసారు

దారమూ, బ్రిడ్జి (తీగలు ఆనుకునే చెక్క) వంపూ. తీగ ఊగేటప్పుడు ఆ వంపుని తాకుతూ విడుస్తూ ఉంటుంది, ఆ తాకిడిలో శక్తి పై స్వరాంశాలకి పాకుతుంది. దారాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదం మూసుకుపోతుంది, లేదా విచ్చుకుంటుంది. సరైన చోటు ఇప్పటికీ చెవితోనే...

నిర్వాహకుడు

సార్, కమాను గారూ, తంబురాకి విడిగా ఒక చర్చ తెరిచాను, అటు రండి. ఇక్కడ అమ్మాయి దరఖాస్తుల గడువు దగ్గరపడుతోంది.

తంత్రి

:) నేను అక్కడికీ వస్తాను. ఇప్పుడు దరఖాస్తుతో పంపాల్సిన వ్యాసం సంగతి. "ఎందుకు రెండూ?" అని రాయమంటున్నారు. పైథాగరస్‌తో మొదలుపెట్టి ఒక చిత్తుప్రతి రాశాను.

లెక్కలసారు

తీసెయ్యమ్మా. నేను చదివే దరఖాస్తు వ్యాసాల్లో సంగీతం ప్రస్తావన ఉన్న ప్రతి రెండోదీ పైథాగరస్‌తోనే మొదలవుతుంది, "సంగీతం అంటే వినిపించే గణితం"తో ముగుస్తుంది. మధ్యలో రాసినవాళ్ళ గురించి ఏమీ ఉండదు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రియాన్ మే కూడా వద్దు. 1970లో మొదలుపెట్టిన పీహెచ్‌డీని గిటారు కోసం ఆపి 2007లో సమర్పించాడు, మంచి కథే, కానీ అది ఆయన కథ. హెర్షెల్ కూడా అంతే. వాద్యకారుడు, యురేనస్‌ని కనిపెట్టాడు, 1781, సరే, నువ్వేం చేశావు?

నీ విస్పందనాల సంగతి బాగుంది. దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ (స్వరంలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఒకే స్వరం, ఒకే తీగ. కమాను ఒకసారి బ్రిడ్జి దగ్గర, ఒకసారి వేళ్ళపలక మీద. రెండు గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టి ఏం కనబడిందో, ఏం అర్థం కాలేదో రాయి. అర్థం కానిది రాయడానికి మొహమాటపడకు, చదివేవాళ్ళు వెతికేది అదే.

కమాను

సారు చెప్పింది సైన్సు వైపుకి. సంగీతం వైపు వ్యాసం ఎవరూ అంత పట్టించుకోరు, రికార్డింగ్ చూస్తారు. నువ్వు ఏ పద్ధతిలో నేర్చుకున్నావో చెప్పలేదు. ఏదైనా సరే, వెళ్ళే విభాగం ఏ సంప్రదాయంలో పరీక్షిస్తుందో ముందు చూసుకో. పాశ్చాత్య కన్సర్వేటరీ అయితే చూసి వాయించడం, చెవి పరీక్ష, హార్మనీ ఉంటాయి. బాగా వాయించే సైన్సు పిల్లలు తడబడేది అక్కడే, ఎందుకంటే ఇంతకాలం పాటలు నేర్చుకున్నారు, సిద్ధాంతానికి టైం దొరకలేదు. తేదీలు కూడా చూడు. ఆడిషన్‌కి పిలవాలా వద్దా తేల్చే ముందస్తు రికార్డింగ్ గడువు, మిగతా దరఖాస్తు కన్నా చాలాచోట్ల ముందే వస్తుంది.

పాతగొంతు

చదువుతూనే ఉన్నాను. వేసవుల మాట నాకు కొత్త. నా అభిప్రాయం పెద్దగా మారలేదు గానీ, ఈ అమ్మాయి అడిగే తీరు చూస్తే హాబీ అన్న మాట వెనక్కి తీసుకోబుద్ధి అవుతోంది. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకు. రెండో ఏట ఒకటి వదలాల్సి వస్తే ఏ దారిలో నష్టం తక్కువ?

రెండుపడవల_మనిషి

అందరికన్నా మంచి ప్రశ్న పెద్దాయనే వేశారు. మాతో మొదలుపెట్టినవాళ్ళలో కొందరు మధ్యలో ఒకటి వదిలారు, అది ఓటమి అని ఎవరూ అనుకోలేదు. కానీ నష్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఒకే ప్రాంగణం, ఒకే సంస్థ అయితే సంగీతం పట్టా వదిలినా ఆర్కెస్ట్రాలో ఉండచ్చు, గురువు దగ్గర పాఠం డబ్బు కట్టి కొనసాగించచ్చు. రెండు సంస్థల ఒప్పందమైతే వదిలిన రోజునే ఆ గుమ్మం మూసుకుంటుంది. ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉంటే ప్రయాణం కూడా కలుపుకో.

విభాగాలకి మెయిల్ రాసేటప్పుడు "రెండూ చేయచ్చా" అని అడగకు, అందరూ చేయచ్చనే అంటారు. ఫిజిక్సూ వాయిద్యమూ చేస్తున్న ఆఖరి ఏడాది విద్యార్థి ఒకరితో మాట్లాడించమను. అలాంటివాళ్ళు ఒక్కరూ లేరంటే అదే జవాబు. దొరికితే వాళ్ళ రెండో ఏడాది టైమ్‌టేబుల్ అడిగి తీసుకో. మొదటి ఏడాది అందరికీ కుదురుతుంది. రెండో ఏట ల్యాబ్‌లు బరువెక్కుతాయి, అటు బృందాలు కూడా బరువెక్కుతాయి. సెమిస్టర్‌కి క్రెడిట్ల పరిమితి ఎంత, దాటడానికి ఎవరి సంతకం కావాలి, ఇదీ అడుగు.

గమకం

సాధన గది తాళం!!

రెండుపడవల_మనిషి

అదీ :)

ఓ_అమ్మ

సాధన ఎలా సర్దుకోవాలో కూడా ఎవరైనా చెప్పండి. మావాడు పరీక్షలప్పుడు వారం మానేసి, ఆదివారం ఒకేసారి నాలుగు గంటలు వాయిస్తాడు. తర్వాత భుజం నొప్పి.

కమాను

వెంటనే మాన్పించండమ్మా. భుజం, మణికట్టు దెబ్బతినేది సరిగ్గా అలాగే, ఖాళీ తర్వాత ఒక్కసారిగా బరువు పడితే. రోజూ ముప్పావుగంట ఆ ఆదివారం నాలుగు గంటల కన్నా ఎక్కువ పని చేస్తుంది. ల్యాబ్ ఉన్న రోజు కొత్త పాఠం ముట్టుకోకుండా, కష్టమైన రెండు వరసలు తీసుకుని సగం వేగంలో వాయించమనండి. స్వరలిపి ముందు పెట్టుకుని వాయిద్యం లేకుండా వేళ్ళు ఊహించుకోవడం కూడా సాధనే, బస్సులో చేయచ్చు. నొప్పి రెండు వారాలు దాటితే వైద్యుడికి చూపించండి, "అలవాటవుతుందిలే" అనే మాస్టారి మాట వినొద్దు.

తంత్రి

ఇన్ని జవాబులకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఇంట్లో కూర్చుని ఒక జాబితా వేసుకున్నాం.

డబుల్ డిగ్రీ ఉన్నవి రెండు, ఒకే ప్రాంగణంలో రెండు బడులూ ఉన్నవి మాత్రమే ఉంచాను. పాతగొంతు గారి ప్రశ్న వల్ల రెండు సంస్థల ఒప్పందాలు కొట్టేశాను. మూడోది ఫిజిక్స్ డిగ్రీ, కానీ ఆర్కెస్ట్రా ఆడిషన్ అందరికీ ఉంది, పాఠాలకి క్రెడిట్ ఇస్తారు. అక్కడి ఆఖరి ఏడాది అబ్బాయి ఒకరు జవాబు రాశారు, తాళం మేజర్లకే గానీ రాత్రి తొమ్మిది తర్వాత ఎవరూ అడగరట. డబుల్ డిగ్రీ రాకపోతే ఇక్కడ చేరి, సాధన వదలకుండా, మాస్టర్స్‌కి ఆడిషన్ ఇస్తాను. మొదటి వేసవి ప్రయోగశాలలో. రెండోది అప్పటికి చూద్దాం.

కమాను రెండు చోట్లా పెట్టి వాయించి చూశాను సార్. బ్రిడ్జి దగ్గర వాయిస్తే పైన అడవిలా గీతలు లేచాయి. వేళ్ళపలక మీద ముందు నాలుగైదు పోను మిగతావి కుంగిపోయాయి. అది అనుకున్నదే. కానీ ఒక స్వరం దగ్గర మాత్రం ఎక్కడ పెట్టి లాగినా గీత నిలవకుండా వణుకుతోంది, చెవికీ గరగరమంటోంది. వాయిద్యం పాడైందా?

లెక్కలసారు

పాడవలేదు! అది వుల్ఫ్ నోట్ కావచ్చు. పెట్టె సొంత కంపనమూ, తీగ కంపనమూ ఒకే చోట కలబడితే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. చెలోలో ఎక్కువ, వయొలిన్‌లోనూ ఉంటుంది. రామన్ దీని మీద కూడా రాశాడు, 1916లో. నీ వ్యాసం దొరికింది. పైథాగరస్‌ని పంపించెయ్.

కమాను

వ్యాసానికి బంగారం, రికార్డింగ్‌కి శని. ఆ స్వరం మీద ఎక్కువసేపు నిలవాల్సిన అంశం ఎంచుకోకు, లేదా అదే స్వరాన్ని పక్క తీగ మీద పట్టు. ఒక అంశం మొదటి నుంచి చివరిదాకా ఒకే టేక్‌లో ఉండాలి, అతుకులు పెడితే వినేవాళ్ళకి తెలిసిపోతుంది. ప్రతిధ్వని కలపకు (పై సభ్యుణ్ణి కాదు!). ఫోన్‌ని వయొలిన్‌కి దగ్గరగా కాకుండా రెండు మూడు మీటర్ల దూరంలో, తల ఎత్తున పెట్టు. చేతులు, కమాను మొత్తం కనబడాలి.

ప్రతిధ్వని

ఫోన్‌లో ఆటోమేటిక్ లెవెల్ ఉంటే ఆపెయ్యి. లేకపోతే నువ్వు మెల్లగా వాయించినదీ గట్టిగా వాయించినదీ అన్నీ ఒకే గట్టితనంతో వస్తాయి, నువ్వు చేసిన హెచ్చుతగ్గులు గాలికి పోతాయి. పరదాలున్న గది అయితే మేలు.

తంత్రి

ఆదివారం రికార్డ్ చేస్తాను. లింకు ఇక్కడ పెట్టనా?

కమాను

నాకు ప్రైవేటుగా పంపు తల్లీ. మొహమాటం లేకుండా చెబుతాను, బహిరంగంగా అయితే చెప్పలేను.

లెక్కలసారు

గ్రాఫ్‌లు నాకు పంపు. అక్షాల మీద పేర్లు, ప్రమాణాలు రాసి మరీ పంపు.